మా మంగళగిరి చీరల షాపుకి వెబ్‌సైటు చేసిన డెవలపర్: ఏడాది వాడాక రివ్యూ

మంగళగిరిలో మాది చేనేత చీరల షాపు. మామయ్య గారు పెట్టిన షాపు, ఇప్పుడు ఫోన్ ఆర్డర్లు, ఆన్‌లైన్ వ్యవహారం నేను చూస్తున్నాను. కిందటి ఏడాది విజయవాడలో సొంతంగా పని చేసుకునే ఒక ఫ్రీలాన్స్ డెవలపర్‌తో సైటు చేయించాం. ఏడాది వాడాక రాస్తున్నాను కాబట్టి కొత్త సైటు వచ్చిన సంబరంలో రాసింది కాదు. పేరు, నంబరు పెట్టొద్దన్నాడు, ఒక్కడే చేసుకుంటాడు, ఉన్న పనికే టైం చాలడం లేదట. అయినా రాస్తున్నాను, ఎందుకంటే చిన్న షాపు వాళ్ళు డెవలపర్‌కి పని ఇచ్చేముందు ఏం అడగాలో మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే చాలా మేలు జరిగేది.

ముందే చెప్పేస్తాను: పని బాగుంది, మళ్ళీ చేయించాల్సి వచ్చినా అతనికే ఇస్తాం. సైటుకి 45,000 తీసుకున్నాడు, డొమైన్ (సైటు పేరు), హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్‌కి అద్దె) విడిగా మేమే కట్టుకున్నాం. రెండు విషయాల్లో మాత్రం ఇబ్బంది పడ్డాం, ఒకటి ఆలస్యం, రెండోది తెలుగు.

ఇతని దాకా వెళ్ళడానికి కారణం మా పాత సైటు. చాలా ఏళ్ళ కిందట మామయ్య గారు ఒక ఏజెన్సీకి ఇచ్చారు, పేరు అనవసరం. డొమైన్ ఫ్రీ, హోస్టింగ్ ఫ్రీ, ఏటా ఇంత కడితే చాలు అని ప్యాకేజీ. ఏటా కడుతూనే ఉన్నారు. సైటులో కొత్త చీరలు పెట్టమంటే మాత్రం వారాలు పట్టేది. ఇంక వేరేవాళ్ళతో చేయించుకుంటాం, మా డొమైన్ మాకు ఇచ్చేయండి అని అడిగితే అప్పుడు బయటపడింది, డొమైన్ మా పేరు మీద లేదు, వాళ్ళ అకౌంట్‌లో వాళ్ళ ఈమెయిల్ మీద ఉంది. వదలాలంటే వాళ్ళు అడిగిన మొత్తం కొత్త సైటు ఖర్చులో సగం దాకా ఉంది. కవర్ల మీద, విజిటింగ్ కార్డుల మీద, షాపు బోర్డు మీద ఆ పేరే ఉంది. మామయ్య గారు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. చివరికి ఆ పేరు వదిలేసి డాట్ ఇన్‌తో కొత్త పేరు తీసుకున్నాం, బోర్డు మార్పించాం, కవర్లు మళ్ళీ కొట్టించాం.

ఇది మా ఒక్కళ్ళకే జరిగింది కాదు, మా బజారులోనే ఇంకో ఇద్దరు ఇలాగే ఇరుక్కున్నారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. డొమైన్ ఏ రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర కొన్నా, ఎవరి అకౌంట్‌లో, ఎవరి పేరుతో రిజిస్టర్ అయిందో పెత్తనం వాళ్ళదే. రెన్యువల్ మెయిళ్ళు వాళ్ళకే వెళ్తాయి. వేరే రిజిస్ట్రార్‌కి మార్చుకోవాలంటే ఆథ్ కోడ్ అని ఒక రహస్య కోడ్ కావాలి, అది ఆ అకౌంట్‌లోకి లాగిన్ అయిన వాళ్ళకే వస్తుంది. మీరు డబ్బు కట్టారన్న రసీదు చేతిలో ఉన్నా, అకౌంట్ వాళ్ళదైతే రోజూ వాళ్ళ చుట్టూ తిరగాల్సిందే. మీకు ఇప్పటికే సైటు ఉంటే, ఈ రివ్యూ తర్వాత చదవచ్చు, ముందు మీ డొమైన్ ఎవరి అకౌంట్‌లో ఉందో కనుక్కోండి.

కొత్తగా చేయించాలనుకున్నప్పుడు నలుగురైదుగురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాం. 8,000 నుంచి లక్షన్నర దాకా వచ్చాయి. 8,000 వాళ్ళది అయిదు పేజీల సైటు, మళ్ళీ అదే పాత పాట, డొమైన్ ఫ్రీ, హోస్టింగ్ ఫ్రీ. ఎవరి పేరు మీద తీసుకుంటారు అని అడిగితే మీరు టెన్షన్ పడకండి మేడమ్, అంతా మేమే చూసుకుంటాం అన్నారు. ఆ మాట వినగానే ఫోన్ పెట్టేశాను. లక్షన్నర వాళ్ళు ఆండ్రాయిడ్ యాప్, ఐఫోన్ యాప్, లాయల్టీ పాయింట్లు, అన్నీ కలిపి ఇచ్చారు. పండక్కి ఒకటి, పెళ్ళికి రెండు చీరలు కొనుక్కునే మనిషి మా షాపు కోసం ఫోన్‌లో యాప్ పెట్టుకుంటుందా? నేనైతే పెట్టుకోను. మధ్యలో ఒకరు ఫస్ట్ పేజీలో ఫస్ట్ ర్యాంకు గ్యారంటీ అన్నారు. గూగుల్ వాళ్ళే తమ సూచనల్లో మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని రాసుకున్నారు, ఇంక ఈయన ఎలా ఇస్తాడు.

మేము పని ఇచ్చిన డెవలపర్ మాత్రం కొటేషన్ ఇవ్వడానికి ముందు షాపుకి వస్తానన్నాడు. వచ్చి కౌంటర్ పక్కన స్టూలు వేసుకుని పూట పూటంతా కూర్చున్నాడు. కస్టమర్లు ఏం అడుగుతున్నారో విన్నాడు, నేను వాట్సాప్‌లో ఫోటోలు ఎలా పంపుతున్నానో చూశాడు, కొరియర్ ఎవరు తీసుకెళ్తారు, రిటర్న్ వస్తే ఏం చేస్తారు అని మామయ్య గారిని అడిగాడు. "బాబాయ్ గారూ, ఒక రంగు చీర ఒకటే ఉంటుందా, పది ఉంటాయా?" అన్నాడు. మామయ్య గారు "మగ్గం మీద ఒక వార్పుకి కొన్ని చీరలే దిగుతాయయ్యా, అందులో కూడా అంచో రంగో మారుస్తాం. ఒకటే ఉందనుకో" అన్నారు. అంతే, అతను నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని, "అయితే మీకు కావాల్సింది వేరే, రెడీమేడ్ షాపుల సైటు మీకు పనికిరాదు" అన్నాడు. మా వ్యాపారం అర్థమైన మనిషి అని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

చీర ఒకటే ఉండటం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మొత్తం సైటు దీని మీదే ఆధారపడింది. సైటులో ఉన్న చీరే షాపులో అరమర మీద కూడా ఉంటుంది. పొద్దున ఎవరో వచ్చి కొనుక్కుపోతే, మధ్యాహ్నం బెంగళూరు నుంచి ఇంకొకళ్ళు అదే చీరకి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేస్తారు. అప్పుడు ఫోన్ చేసి బతిమాలుకోవాలి, డబ్బు వెనక్కి పంపాలి, వాళ్ళు ఇంక మన వైపు చూడరు. దీనికి అతను చేసిన ఏర్పాటు నాకు బాగా నచ్చింది. ప్రతి చీరకీ ఒక కోడ్, ఆ కోడ్ చీర మడతలో పెట్టే చిన్న అట్ట మీద. షాపులో అమ్ముడుపోతే ఆ అట్ట తీసి కౌంటర్ మీద డబ్బాలో వేస్తాం, షాపులో పని చేసే కుర్రాడు వెంటనే ఫోన్‌లో కోడ్ కొట్టి స్టాక్ సున్నా చేస్తాడు. సైటు వైపు నుంచి, ఎవరైనా చీర ఆర్డర్ పెట్టి డబ్బు కట్టకుండా ఆగిపోతే అది ఎంతసేపు వాళ్ళకోసం పక్కన ఉండాలి అనేది కూడా సెట్టింగే. మా సైటు నడిచే వూకామర్స్ అనే ఆన్‌లైన్ షాపు సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా 60 నిమిషాలు ఉంటుంది, అతను దాన్ని 15 చేశాడు. ఆషాఢం సేల్‌లో ఒకే చీర మీద ముగ్గురు నలుగురు పడినప్పుడు దాని విలువ తెలిసింది. ఏడాదిలో ఒక చీర ఇద్దరికి అమ్ముడైన గొడవ ఎప్పుడో ఒకటీ అరా తప్ప రాలేదు, అవి కూడా అట్ట డబ్బాలో వేయడం ఆలస్యమైనవే.

ఏ ప్లాట్‌ఫాం మీద చేయాలి అన్నది కూడా అతను మా మీద రుద్దలేదు. షాపిఫై (ఆన్‌లైన్ షాపుని రెడీమేడ్‌గా నడిపించే సర్వీసు) అయితే నెలనెలా అద్దె, కానీ సర్వర్, సెక్యూరిటీ, అప్‌డేట్లు మనం చూసుకోనక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ అయితే సాఫ్ట్‌వేర్ ఉచితం, కానీ హోస్టింగ్ మనదే, అప్‌డేట్లు మనమే చూసుకోవాలి, చూసుకోకపోతే హ్యాక్ అయ్యే ప్రమాదం ఉంది. ఇదీ తేడా, మూడేళ్ళ ఖర్చు రెండిటికీ వేసి చూపించాడు. మేము వూకామర్స్ తీసుకున్నాం, స్టాక్ విషయంలో మాకు కావాల్సినట్టు మార్చుకోవచ్చని. షాపులో కంప్యూటర్ మీద కూర్చునే మనిషి ఎవరూ లేని వాళ్ళకి మాత్రం షాపిఫై లాంటిదే సుఖం అని ఇప్పుడు నాకనిపిస్తోంది. ఇంకో మాట, థీమ్ (సైటు రూపు), ప్లగిన్లు (అదనపు సదుపాయాలిచ్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) అన్నీ లైసెన్స్ ఉన్నవే పెట్టాడు, బిల్లులు మాకిచ్చాడు. బయట చాలామంది డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ని నల్డ్ కాపీ, అంటే లైసెన్స్ లేని దొంగ కాపీ, తెచ్చి పెట్టేస్తారు, కొటేషన్ తగ్గడానికి అదొక కారణం. అలాంటి వాటిలో చాలాసార్లు వైరస్ కోడ్ దూర్చి ఉంటుంది, ఏదో ఒకరోజు మీ చీరల సైటు తెరిస్తే జూదం సైటుకి పోవచ్చు.

డొమైన్ దగ్గర అతను చేసింది ఇది. "అక్కా, ముందు షాపు పేరుతో ఒక జీమెయిల్ తెరవండి. డొమైన్, హోస్టింగ్ మీ కార్డుతో మీరే కొనండి, నేను పక్కన కూర్చుని ఏది నొక్కాలో చెబుతాను" అన్నాడు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నాడు, అది నేను ఎప్పటికీ మర్చిపోను. ఓటీపీలు నా ఫోన్‌కీ, ఇంకో అకౌంట్‌వి మా ఆయన ఫోన్‌కీ వచ్చేలా పెట్టించాడు. హోస్టింగ్ విషయంలో ఒక హెచ్చరిక కూడా చేశాడు: సైటు మీద పెద్ద అక్షరాల్లో కనిపించే నెలకి ఇంత అన్న ధర మొదటిసారికే, అది కూడా మూడు నాలుగేళ్ళకి ఒకేసారి కడితేనే, దాని మీద 18 శాతం జీఎస్టీ, రెన్యువల్‌కి రెండు మూడు రెట్లు అవుతుంది. రెన్యువల్ ధర చూసి కొనమన్నాడు. ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కి (సైటు అడ్రసు ముందు https రావడానికి కావాల్సింది) కూడా కొంతమంది ఏటా వేలు వసూలు చేస్తారు, మాలాంటి సైటుకి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు ఇచ్చే ఉచితమైనది చాలు, హోస్టింగ్‌లోనే దానంతట అదే రెన్యూ అవుతూ ఉంటుంది.

డబ్బు మూడు విడతలు. పని మొదలుపెట్టేటప్పుడు 40 శాతం, టెస్ట్ లింకులో (అందరికీ తెరవకముందు మేము చూసుకునే కాపీలో) సైటు మొత్తం చూపించాక 30, లాగిన్లన్నీ చేతికిచ్చి వారం నడిచాక మిగతా 30. ఒక పేజీ కాగితం, తెలుగులోనే రాశాడు, ఏమేం చేస్తాడు, ఏమేం చేయడు అని. చేయడు అన్న జాబితా చాలా ఉపయోగపడింది: ఫోటోలు తీయడు, చీరల వివరాలు రాయడు, ఇన్‌స్టాగ్రామ్ చూడడు, ర్యాంకు గ్యారంటీ లేదు, డిజైన్ ఒప్పుకున్నాక రెండు సార్లకి మించి మార్పులు చెబితే అదనం. చదివినప్పుడు మామయ్య గారికి కొంచెం కటువుగా అనిపించింది. కానీ పని అయ్యేదాకా ఒక్కసారి కూడా డబ్బు దగ్గర మాటామాటా రాలేదంటే ఆ కాగితం వల్లే.

ఫోటోలు తీయడు గానీ ఎలా తీయాలో చెప్పాడు. ట్యూబులైటు కింద తీస్తే మామిడాకు పచ్చ ఇంకోలా పడుతుంది, చీర ఇంటికెళ్ళాక రంగు తేడా అని రిటర్న్ వస్తుంది. పొద్దున పూట వాకిలి దగ్గర ఎండ నేరుగా పడని చోట, ఫోన్‌లో ఫిల్టర్లన్నీ ఆపి, వెనక తెల్లటి దుప్పటి కట్టి తీయమన్నాడు. మంగళగిరి చీరకి ఒంట్లో డిజైన్ ఉండదు, సాదా నేత, అందమంతా జరీ అంచులో, పల్లూలో. కాబట్టి దూరం నుంచి నిలువుగా తీసిన ఫోటో ఒక్కటే పెడితే అన్ని చీరలూ ఒకేలా కనిపిస్తాయి. నిజాం బోర్డర్ దగ్గరగా ఒకటి, పల్లూ ఒకటి, చీర వెనక వైపు ఒకటి, మడత విప్పుతున్న చిన్న వీడియో ఒకటి. వెనక వైపు ఫోటో ఎందుకయ్యా అన్నారు మామయ్య గారు. పవర్‌లూమ్ కాదని తెలిసినవాళ్ళు అదే చూస్తారు బాబాయ్ గారూ, మీరే మొన్న కస్టమర్‌కి తిప్పి చూపించారు కదా అన్నాడు. షాపులో కూర్చున్న పూట ఊరికే పోలేదు. మేము పంపిన ఫోటోలు ఒక్కొక్కటి 4, 5 ఎంబీ ఉండేవి, వాటిని వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫోటో ఫార్మాట్‌లోకి మార్చి 150 కేబీ లోపలికి తెచ్చాడు, ఇప్పుడు కొత్తవి ఎక్కించినా అవే చిన్నవవుతాయి. ఊళ్ళో సిగ్నల్ సరిగ్గా లేనిచోట కూడా పేజీ తొందరగా తెరుచుకుంటోంది.

ఇక తెలుగు. ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. సైటు ఇంగ్లీషులో ముందు చేసి, తెలుగుకి ఆటోమేటిక్‌గా అనువదించే ప్లగిన్ ఒకటి పెట్టి ఇదిగో తెలుగు అన్నాడు. ఒక్క వాక్యం చదవలేకపోయాం. మా కస్టమర్లలో యాభై దాటిన ఆడవాళ్ళు ఎక్కువ, తెలుగు చదవడమే వాళ్ళకి హాయి, అలాంటి వాళ్ళ ముందు ఆ తెలుగు పెడితే మా షాపు పరువు పోతుంది. అది తీసేయించి మొత్తం నేనే కూర్చుని రాశాను. రాసింది పెట్టాక ఇంకో గొడవ. బటన్ల మీద, హెడ్డింగుల్లో కింద వత్తులు సగం కోసుకుపోయాయి, పైన గుడి, గుడిదీర్ఘం బాక్సు అంచుకి తగిలి తెగిపోయాయి. కారణం, థీమ్ ఇంగ్లీషు అక్షరాల కొలతకి చేసింది, లైనుకీ లైనుకీ మధ్య ఎడం తక్కువ, ఇంగ్లీషు అక్షరాలకి అది చాలు. మన లిపికి కింద వత్తులకి, పైన గుణింతాలకి చోటు కావాలి కదా. లైన్ హైట్ పెంచితే సరిపోయే పని, కానీ అతనికి అది తోచడానికి, తోచాక అన్ని చోట్లా సరిచేయడానికి చాలా సమయం పట్టింది. తెలుగువాడై ఉండి, తెలుగు షాపుకి సైటు చేస్తూ, తెలుగు చివర్లో అతికించే వస్తువు అనుకోవడం నాకు నచ్చలేదు, ఆ మాట అతనికే చెప్పాను. ఒప్పుకున్నాడు. చివరికి హెడ్డింగులకి రామభద్ర ఫాంట్, మామూలు రాతకి నోటో సాన్స్ తెలుగు పెట్టాడు, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవే, ఇప్పుడు చూడ్డానికి చక్కగా ఉంది.

దీంట్లోనే ఇంకో విషయం, ఇది డెవలపర్ తప్పు కాదు. మా షాపు పాంప్లెట్లు, పాత కేటలాగ్ అంతా డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించినవి. ఆ ఫైలు తీసి సైటులో పేస్ట్ చేస్తే పిచ్చి పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే అను పాత పద్ధతి, అన్ని ఫోన్లలో, కంప్యూటర్లలో ఒకేలా చదివే యూనికోడ్ కాదు. సైటుకి యూనికోడ్ కావాలి. కన్వర్టర్లు ఉన్నాయి, వాటితో మార్చాం, కానీ అక్కడక్కడా అక్షరాలు తప్పిపోతాయి, అంతా మళ్ళీ చదివి దిద్దుకోవాలి. మీ దగ్గర అలాంటి పాత మేటర్ ఉంటే డెవలపర్‌కి ముందే చూపించండి, మొదటి రోజే మాట్లాడుకోవాల్సిన విషయం అది.

పేమెంట్ గేట్‌వే (సైటులో డబ్బు తీసుకునే ఏర్పాటు) పని అనుకున్నదానికన్నా సాఫీగా అయింది. పాన్, బ్యాంకు వివరాలు, జీఎస్టీ సర్టిఫికెట్ మేము ఇచ్చాం. గేట్‌వే వాళ్ళు సైటులో కొన్ని పేజీలు ఉంటేనే ఒప్పుకుంటారు: అడ్రసు, ఫోన్ నంబరు, షరతులు, ప్రైవసీ, రిటర్న్, షిప్పింగ్. చాలామంది ఇవి వేరే సైటు నుంచి కాపీ కొట్టి పెట్టేస్తారు, వేరే కంపెనీ పేరు కూడా అలాగే ఉండిపోతుంది. ఇతను మామయ్య గారిని కూర్చోబెట్టి రిటర్న్ ఎన్ని రోజుల్లో తీసుకుంటారు, ఫాల్ పికో కుట్టించాక తీసుకుంటారా, రంగు తేడా అంటే ఏం చేస్తారు అని ఒక్కొక్కటీ అడిగి రాశాడు. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరు, నంబరు సైటులో ఉండాలి, ఫిర్యాదు వస్తే 48 గంటల్లోపు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మాకు ఇది అసలు తెలియదు, అతను చెప్పి పెట్టించాడు. గేట్‌వే కమీషన్ సుమారు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 2,000 రూపాయల చీర మీద 47 రూపాయల 20 పైసలు పోతుంది. చీర ధర వేసేటప్పుడే ఇది, కొరియర్ ఖర్చు కలిపి వేసుకోవాలి. విదేశీ కార్డులకి విడిగా అనుమతి కావాలి, అది తర్వాత వచ్చింది, అమెరికాలో ఉన్న మా పాత కస్టమర్లకి అప్పటినుంచి సులువైంది.

ఆలస్యం సంగతి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవానికి సైటు తెరవాలని మా పట్టుదల. ఆ వారంలో చేనేత మీద పేపర్లలో వార్తలు వస్తాయి, మాట్లాడుకుంటారు, మాలాంటి వాళ్ళకి మంచి అదును. అతను కాగితం మీద జూలై నెలాఖరు అని రాసిచ్చాడు. తీరా దసరా ముందు ఇచ్చాడు. మధ్యలో ఇంకో పెద్ద పని ఒప్పుకున్నాడు, పగలు ఫోన్ తీసేవాడు కాదు, రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టేవాడు. మా వైపు నుంచి తెలుగు రాత వల్ల కొంత ఆగిన మాట నిజమే గానీ ఆగస్టు దాటిపోవడానికి అది కారణం కాదు, అప్పటికి టెస్ట్ లింకే రాలేదు. ఆలస్యానికి చివరి విడతలో 5,000 తగ్గించుకుంటాను అని తనే అన్నాడు, మామయ్య గారు వద్దన్నారు. నేనైతే తగ్గించేదాన్ని. మీరు పండగ సీజన్ కోసం చేయించుకుంటుంటే ఇలాంటి ఒంటరి డెవలపర్‌కి కనీసం మూడు నెలల ముందు తేదీ చెప్పండి, ఆలస్యమైతే ఎంత తగ్గించాలో కూడా ఆ కాగితంలోనే రాయించండి. ఏజెన్సీ అయితే ఒకరు కాకపోతే ఇంకొకరు చేస్తారు, ఇక్కడ అతనికి జ్వరం వస్తే మన సైటు ఆగిపోతుంది.

అప్పగించడం మాత్రం ఎంత చక్కగా చేశాడో చెప్పాలి. అన్ని లాగిన్లు ఒకే షీటులో, ఏది ఎందుకు, ఎప్పుడు రెన్యువల్, ఎంత అవుతుంది అని తెలుగులో రాసి ఇచ్చాడు. తన లాగిన్ విడిగా పెట్టుకున్నాడు, మేము కావాలంటే ఒక్క నొక్కుతో తీసేయొచ్చు, తీయడం ఎలాగో కూడా చూపించాడు. చీర ఎక్కించడం, ధర మార్చడం, ఆర్డర్ చూసి కొరియర్ నంబరు పెట్టడం, డబ్బు వెనక్కి పంపడం, ఒక్కోదానికి చిన్న స్క్రీన్ వీడియో, తెలుగులో మాట్లాడుతూ. మా షాపులో కుర్రాడు డిగ్రీ కూడా చదవలేదు, ఆ వీడియోలు చూసి అన్నీ తనే చేసుకుంటున్నాడు. రోజూ రాత్రి బ్యాకప్ మా గూగుల్ డ్రైవ్‌లోకి వచ్చేలా పెట్టాడు.

ఆ బ్యాకప్ ఒకసారి ఆదుకుంది. సంక్రాంతి ముందు ఏదో ప్లగిన్ అప్‌డేట్ అయ్యి డబ్బు కట్టే పేజీ తెల్లగా వచ్చేసింది. ఫోన్ చేస్తే తీయలేదు, గంట తర్వాత చూసుకుని, ముందు రోజు బ్యాకప్ తెచ్చి పెట్టి, ఆ రాత్రే సరిచేశాడు. ఆ మధ్యలో వచ్చిన ఆర్డర్లు పోకుండా విడిగా తీసి కలిపాడు. ఎందుకైందో పొద్దున కూర్చుని చెప్పాడు, అప్‌డేట్లు ముందు టెస్ట్ కాపీలో చూసి తర్వాత అసలు సైటులో పెట్టేలా మార్చాడు. ఇది మొదటినుంచీ చేయాల్సింది. మెయింటెనెన్స్ ఏడాదికి 9,000, అందులో అప్‌డేట్లు, బ్యాకప్‌లు, ఇలాంటి రిపేర్లు వస్తాయి, కొత్త పనులు రావు.

ఇంక అమ్మకాలు పెరిగాయా అంటే, సైటు పెట్టగానే ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి కొనేయలేదు. గూగుల్ నుంచి కొత్త మనుషులు నెమ్మదిగా వస్తున్నారు, దానికన్నా అతను దగ్గరుండి సరిచేయించిన గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ వల్ల షాపుకి నేరుగా వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. పానకాల స్వామి దర్శనానికి వచ్చినవాళ్ళు మ్యాప్‌లో చూసి వచ్చామంటున్నారు. అది ఉచితం, సైటు లేకపోయినా మీరు ఈరోజే పెట్టుకోవచ్చు. సైటు వల్ల మాకు అసలు లాభం వాట్సాప్‌లో కనిపించింది. అప్పట్లో ఒక్కొక్కళ్ళకి ఇరవై ఫోటోలు పంపి, ఇది ఉందా, అది ఉందా, బ్లౌజ్ ఉందా, ఎంత పొడుగు అని గంటలు గంటలు నడిచేది. ఇప్పుడు లింకు పంపుతాను. ఉన్నవే కనిపిస్తాయి, ధర, పొడవు, బ్లౌజ్ సంగతి, ఉతికే పద్ధతి అన్నీ అక్కడే ఉంటాయి, నచ్చితే కట్టేస్తారు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ పక్కన పెట్టి పిల్లల దగ్గర కూర్చోగలుగుతున్నాను.

ఇతని లాంటి డెవలపర్ ఎవరికి సరిపోతాడంటే, సొంత సరుకు ఉండి, రోజూ కొంచెం సమయం పెట్టగలిగే మనిషి షాపులో ఉన్నవాళ్ళకి. అంతా వాళ్ళే చూసుకోవాలి, మనం చూడం అనుకునేవాళ్ళకి కుదరదు, ఫోటోల దగ్గరే ఆగిపోతారు. తెలుగులో సైటు కావాలంటే రాత మీరే రాయించుకోండి, మొదటి డిజైన్ నుంచే తెలుగు పేజీ చూపించమనండి. తేదీ విషయంలో వెంటపడుతూ ఉండాలి. నమ్మకం విషయంలో వంక పెట్టడానికి లేదు.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఈ ఏడాది మెయింటెనెన్స్ కూడా అతనికే కట్టాం. డ్రెస్ మెటీరియల్‌కి విడిగా ఒక విభాగం, రంగుని బట్టి వెతుక్కునే సదుపాయం అడిగాం, రెండిటికీ కలిపి 7,000 చెప్పాడు. ఈసారి కాగితంలో తేదీ పక్కనే వారం ఆలస్యానికి 500 చొప్పున తగ్గింపు అని నేనే రాయించాను, నవ్వుతూ సంతకం పెట్టాడు.